దూకే ముందు ఆ ఒక్క క్షణం

2004 మార్చి నెల. సిడ్నీలో ఆస్ట్రేలియా జాతీయ ఈత పోటీలు జరుగుతున్నాయి. ఆ ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లే జట్టును తేల్చేది ఈ పోటీలే. 400 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్ మొదలయ్యాయి. స్విమ్మర్లు వరసగా బ్లాకులు ఎక్కారు. వాళ్లలో ఇయాన్ థోర్ప్ ఒకడు. వయసు 21. ఆ దూరంలో ప్రపంచ రికార్డు అతనిదే. 2000లో అదే నగరంలో జరిగిన ఒలింపిక్స్‌లో ఆ స్వర్ణం గెలిచిందీ అతనే. అలాంటివాడికి ఒక హీట్ అనగా ఎంత? ఒళ్లు తడుపుకుని రావడమే!

'టేక్ యువర్ మార్క్స్' అన్నాడు స్టార్టర్. అందరూ నడుం వంచారు. బజర్ ఇంకా మోగలేదు. థోర్ప్ కాస్త ముందుకు తూలాడు. ఆపుకోవాలని చూశాడు. ఆగలేకపోయాడు. నీళ్లలో పడ్డాడు.

అంతే! నిబంధన ప్రకారం అతను పోటీ నుంచి ఔట్. అప్పీలు చేసినా ఫలితం లేకపోయింది. అదే దూరాన్ని ప్రపంచంలో అందరికంటే వేగంగా ఈదినవాడు, ఒక్క బార కూడా వేయకుండానే ఇంటిదారి పట్టాల్సి వచ్చింది.

నిలబడి దూకడంలో అంత కష్టం ఏముంది? చెరువు గట్టు మీద నుంచి పిల్లలు దూకడం లేదా? దూకుతారు. కానీ పోటీల్లో దూకడం వేరు. బ్లాక్ మీద నిలబడినప్పటి నుంచి 15 మీటర్ల గీత దాటే వరకూ సాగే ఈ తంతును శాస్త్రవేత్తలు కెమెరాలు పెట్టి, బ్లాకుల్లో బలాన్ని కొలిచే పరికరాలు అమర్చి దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. ఎందుకంటే, మేటి స్విమ్మర్లు 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 21 సెకన్ల చిల్లరలో ముగిస్తారు. అందులో మొదటి 15 మీటర్లకే అయిదు సెకన్ల పైచిలుకు పోతుంది. అంటే దాదాపు నాలుగో వంతు పందెం ఈ 'ఆరంభం'లోనే అయిపోతుందన్నమాట. మరి గెలుపోటముల తేడా? 2016 రియో ఒలింపిక్స్‌లో ఇదే పందెంలో ఆంథొనీ ఎర్విన్ 21.40 సెకన్లలో స్వర్ణం గెలిస్తే, ఫ్లోరెంట్ మనౌడౌ 21.41తో రజతం దగ్గర ఆగిపోయాడు. సెకనులో వందో వంతు!

టీవీలో కనిపించే ఆ అంకె

ఈత పోటీలను టీవీలో చూసేవాళ్లు ఒక అంకెను గమనించే ఉంటారు. 'రియాక్షన్ టైమ్' అంటూ ఒక్కో స్విమ్మర్ పేరు పక్కన 0.65, 0.68, 0.71... ఇలా చూపిస్తారు. అదే పేరుతో 100 మీటర్ల పరుగు పందెంలో చూపించే అంకెలు 0.14, 0.15 దగ్గర ఉంటాయి. మరి స్విమ్మర్లు రన్నర్ల కంటే అంత మందకొడి వాళ్లా?

కానే కాదు. తేడా మనుషుల్లో లేదు, కొలతలో ఉంది. పరుగు పందెంలో తుపాకీ పేలాక రన్నర్ పాదం బ్లాకును నొక్కడం మొదలుపెట్టిన క్షణాన్ని లెక్కిస్తారు. ఈతలో స్విమ్మర్ పాదం బ్లాకును పూర్తిగా వదిలిన క్షణాన్ని లెక్కిస్తారు. ఆ 0.65లో చెవి విని, మెదడు గ్రహించి, కండరం కదలడానికి పట్టేది కొద్ది భాగమే. మిగతా అర సెకను దాకా స్విమ్మర్ బ్లాకును బలంగా తోస్తూ ఉంటాడు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా ఉండాల్సిన పనిలేదు. రోడ్డు మీద ఆగిపోయిన కారును తోసిన అనుభవం చాలామందికి ఉంటుంది. ఒక్క గుద్దు గుద్దితే అది కదలదు. భుజం ఆనించి కాసేపు తోస్తూ పోతేనే వేగం అందుకుంటుంది. బలం ఎంత అన్నది ఒక లెక్కయితే, ఆ బలాన్ని ఎంతసేపు వాడామన్నది ఇంకో లెక్క. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే శరీరానికి దక్కే ఊపు. బజర్ వినగానే గబుక్కున బ్లాకు వదిలేసినవాడికి తోయడానికి సమయం చాలదు. అందరికంటే ముందు గాల్లోకి లేస్తాడు, కానీ నెమ్మదిగా వెళతాడు. అలాగని మరీ ఎక్కువసేపు తోస్తూ కూర్చుంటే పక్క లేన్లవాళ్లు నీళ్లలోకి వెళ్లిపోతారు. ఈ రెండింటి మధ్య తనకు సరిపడే చోటును వెతుక్కోవడమే ప్రతి స్విమ్మర్ సాధనలో పెద్ద భాగం.

దిమ్మె మారింది, దూకుడు మారింది

1896లో మొదటి ఒలింపిక్స్ ఈత పోటీలు సముద్రంలో జరిగాయి. అప్పుడు బ్లాకులూ లేవు, లేన్లూ లేవు. ఒలింపిక్స్‌లో స్టార్టింగ్ బ్లాకులు 1936లో బెర్లిన్‌లో వచ్చాయి. ఇప్పటి నిబంధనల ప్రకారం ఈ దిమ్మె నీటిమట్టం నుంచి 50 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. పైభాగం ముందుకు వాలి ఉండొచ్చు కానీ ఆ వాలు పది డిగ్రీలు దాటకూడదు.

తొలినాళ్లలో స్విమ్మర్లు చేతులు వెనక్కి చాచి, గుండ్రంగా విసురుతూ దూకేవారు. చూడ్డానికి బాగుండేది కానీ ఆ విసురుకే సమయం పోయేది. 1960ల చివర్లో కొత్త పద్ధతి వచ్చింది. రెండు పాదాలూ అంచున పెట్టి, వంగి, చేతులతో బ్లాకు అంచు పట్టుకోవడం. బజర్ మోగగానే చేతులతో ఒక్క లాగు లాగితే శరీరం ముందుకు వాలిపోతుంది. దీనికి 'గ్రాబ్ స్టార్ట్' అని పేరు. ఆ తర్వాత కొందరు రన్నర్ల మాదిరిగా ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టడం మొదలెట్టారు. అది 'ట్రాక్ స్టార్ట్'.

అసలైన మలుపు బ్లాకు వెనక భాగంలో చిన్న ఏటవాలు పలకను బిగించడంతో వచ్చింది. 30 డిగ్రీల వాలుతో ఉండే ఆ పలకను స్విమ్మర్ తన కాలి పొడవును బట్టి ముందుకూ వెనక్కీ అయిదు చోట్ల అమర్చుకోవచ్చు. 2012 లండన్ క్రీడలతో ఇది ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టింది. చూడ్డానికి చిన్న పలకే. చేసే పని మాత్రం పెద్దది. నున్నటి నేల మీద నిలబడి ముందుకు దూకబోతే పాదం వెనక్కి జారుతుంది. అదే వెనక గోడ ఉంటే? దాన్ని తన్ని ముందుకు దూసుకుపోవచ్చు. ఆ పలక స్విమ్మర్‌కు గోడ లాంటిది. వెనక మోకాలు సుమారు 90 డిగ్రీలు వంచి పలకకు ఆనించి పెడితే, తన్నిన తన్నులో ఎక్కువ భాగం ముందుకే పనికొస్తుంది. ముందు వెనక కాలు తన్ని వదిలేస్తుంది. ఆ తర్వాత ముందు కాలు ఆఖరి తోపు ఇస్తుంది. పాత పద్ధతితో పోల్చి చూస్తే ఈ పలక వల్ల సెకనులో కొన్ని వందో వంతులు కలిసొస్తాయని పరీక్షల్లో తేలింది. కొన్ని వందో వంతులేనా అనిపించొచ్చు. ఒక్క వందో వంతుతో స్వర్ణం చేజారిన మనౌడౌని అడగాలి దాని విలువ!

సంపాదించడం ఒక ఎత్తు...

బ్లాకు వదిలేటప్పుడు మేటి స్విమ్మర్ సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగంతో ముందుకు దూసుకెళతాడు. గాల్లో ఉండేది సెకనులో మూడో వంతు. ఆ కాస్త సమయంలో భూమి ఆకర్షణ అతన్ని కిందికి లాగుతూ వేగాన్ని ఇంకా పెంచుతుంది. బ్లాకుకు మూడు మీటర్ల దూరంలో చేతివేళ్లు నీటిని తాకేసరికి వేగం సెకనుకు ఆరు మీటర్లకు చేరుతుంది. గంటకు 20 కిలోమీటర్ల పైమాట. అదే స్విమ్మర్ ఆ తర్వాత ఎంత బలంగా ఈదినా సెకనుకు రెండు మీటర్ల చిల్లర మించడు.

అంటే పందెం మొత్తంలో స్విమ్మర్ అత్యంత వేగంగా ఉండేది ఈదుతున్నప్పుడు కాదు, నీళ్లను తాకే క్షణంలో! అక్కడి నుంచి వేగం తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. సంపాదించడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు అంటారు పెద్దలు. బ్లాకు మీద సంపాదించిన వేగాన్ని నీళ్లలో ఎవరు దుబారా చేయకుండా కాపాడుకుంటారో వాళ్లదే పైచేయి.

దుబారా ఎలా అవుతుంది? నీటి సాంద్రత గాలి కంటే 800 రెట్లు ఎక్కువ. పైగా వేగం రెండింతలైతే నీరు వెనక్కి నెట్టే బలం నాలుగింతలవుతుంది. బావిలోకి దూకినవాడు బోర్లా పడితే 'చప్'మన్న చప్పుడు, పొట్ట మీద ఎర్రటి వాత... ఇది చాలామందికి తెలిసిన సంగతే. ఆ చప్పుడు, ఆ మంట, ఎగసిన ఆ నీళ్లు... అన్నీ వృథా అయిన వేగమే. అందుకే మేటి స్విమ్మర్లు సూదిలా దిగుతారు. చేతులు నీటిలో ఏ కన్నం చేశాయో తల, నడుము, కాళ్లు అన్నీ అదే కన్నంలోంచి పోవాలి. మరీ నిటారుగా దిగితే లోతుకు పోయి మళ్లీ పైకి రావడానికి శ్రమ. మరీ చదునుగా పడితే పొట్ట మీద వాత. మధ్యేమార్గమే ఉత్తమం.

ఇక నీళ్ల కింద. చేతులు తల వెనక బిగించి, ఒక అరచేతి మీద ఇంకో అరచేయి వేసి, శరీరాన్ని బాణంలా చాచాలి. చేప తోక ఆడించినట్టు రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మరో చిక్కు. దిగిన వెంటనే కాళ్లాడిస్తే, ఉన్న వేగానికి ఆ కదలికే అడ్డం అవుతుంది. ఆలస్యం చేస్తే జారుడు వేగం చచ్చిపోతుంది. నీటి ఉపరితలానికి మరీ దగ్గరగా ఉన్నా ముప్పే. అలలు పుట్టించడానికే సగం శక్తి పోతుంది. కాస్త లోతున సాగితే ఆ బెడద తగ్గుతుంది.

ఈ రహస్యాన్ని 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన డేవిడ్ బెర్కాఫ్ లోకమంతా చూసేలా బయటపెట్టాడు. 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ హీట్స్‌లో మొదటి 50 మీటర్లలో ఎక్కువ దూరం నీళ్ల కిందే డాల్ఫిన్ కిక్ కొడుతూ వెళ్లి 54.51 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఫైనల్లో మాత్రం అదే విద్య నేర్చిన జపాన్ స్విమ్మర్ డైచి సుజుకీ స్వర్ణం ఎగరేసుకుపోయాడు. ఇలాగైతే ఈత పోటీ కాస్తా మునక పోటీ అయిపోతుందని నిర్వాహకులకు బెంగ పట్టుకుంది. నీళ్ల కింద వెళ్లే దూరానికి మొదట 10 మీటర్లు, తర్వాత 15 మీటర్లు హద్దు పెట్టారు. 1998లో బటర్‌ఫ్లై, ఫ్రీస్టైల్ పోటీలకూ ఇదే హద్దు వచ్చింది. ఆ 15 మీటర్ల గీత వెనక ఉన్న కథ ఇది.

పిల్లల్ని దూకించే ముందు...

వేసవి సెలవులు రాగానే పిల్లల్ని ఈతకు పంపే తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సెకనుకు అయిదారు మీటర్ల వేగంతో తల ముందుగా దిగుతున్న శరీరానికి నాలుగడుగుల లోతు ఒక లెక్క కాదు. కనురెప్ప వాల్చేలోపు అడుగు తగులుతుంది. అలా తగిలితే దెబ్బ పడేది మెడ మీద. మెడ ఎముకలు విరిగి వెన్నుపాము దెబ్బతింటే కాళ్లూ చేతులూ చచ్చుబడి జీవితాంతం మంచానికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

అందుకే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బ్లాకులున్న వైపు గోడకు ఒక మీటరు నుంచి ఆరు మీటర్ల దూరం వరకూ లోతు కనీసం 1.35 మీటర్లు ఉండాలి. ఇది శిక్షణ పొందిన స్విమ్మర్లకు చెప్పిన కనీస లోతు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇంకా లోతుండటమే క్షేమం. మంచి కోచ్‌లు మొదటి రోజే పిల్లల్ని బ్లాకు ఎక్కించరు. ముందు గట్టు మీద కూర్చుని దిగడం, తర్వాత మోకాళ్ల మీద ఉండి దిగడం, ఆపై నిలబడి దూకడం... ఇవన్నీ వచ్చాకే బ్లాకు. దిగేటప్పుడు చేతులు తలకు ముందు బిగించి ఉంచాలన్నది అన్నిటికంటే ముందు నేర్పే పాఠం. లోతు తక్కువ ఉన్న వైపు తల ముందుగా దూకడమన్నది ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు.

కదలకుండా ఉండటమే కష్టం

మళ్లీ బ్లాకు దగ్గరికి వద్దాం. 'టేక్ యువర్ మార్క్స్' అన్న తర్వాత, బజర్ మోగే ముందు స్విమ్మర్ రాయిలా కదలకుండా ఉండాలి. ఎంతసేపు? చెప్పలేం. అందరూ కుదురుకున్నారని స్టార్టర్‌కు అనిపించేదాకా. ఈలోపు శరీరం బరువు వీలైనంత ముందుకు వాల్చి ఉంచితే త్వరగా బయటపడొచ్చన్న ఆశ ఒక పక్క. శరీర గరిమనాభి పాదాల అంచు దాటి ఒక్క వేలెడు ముందుకు పోయినా నీళ్లలో పడతామన్న భయం ఇంకో పక్క. బ్లాకు అంచును పట్టుకున్న చేతులే అప్పుడు బ్రేకులు. ఆశకీ భయానికీ మధ్య ఆ ఒకటి రెండు సెకన్లు ఒక యుగంలా గడుస్తాయి.

బజర్ శబ్దం కూడా అందరికీ ఒకేసారి వినపడాలి. ఎనిమిది లేన్ల కొలనులో మొదటి లేను నుంచి ఎనిమిదో లేనుకు దూరం 17.5 మీటర్లు. స్టార్టర్ ఒక పక్క నిలబడి ఈల ఊదితే ఆ శబ్దం అవతలి చివరకు చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. వందో వంతుతో పతకాలు తారుమారయ్యే చోట అది ఎంత అన్యాయం! అందుకే పెద్ద పోటీల్లో ప్రతి బ్లాకు దగ్గరా ఒక స్పీకర్ పెడతారు.

పాత రోజుల్లో ఎవరైనా ముందుగా దూకితే అందరినీ వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ తర్వాత నిబంధన కఠినమైంది. ఒక్క తప్పు చేసినా ఔటే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ మొదటి హీట్‌లో ఉన్నది ముగ్గురే. ఇద్దరు బజర్‌కు ముందే నీళ్లలో పడి అనర్హులయ్యారు. మిగిలిన ఒక్కడు, ఈక్వటోరియల్ గినియాకు చెందిన ఎరిక్ ముసంబాని, అంత పెద్ద కొలనులో ఒంటరిగా ఈదాడు. ఆపసోపాలు పడుతూ 1 నిమిషం 52.72 సెకన్లకు గోడ తాకాడు. స్టేడియం మొత్తం చప్పట్లతో మార్మోగిపోయింది. దూకుడులో తొందరపడనివాడికి దక్కిన గౌరవం అది!

థోర్ప్‌కు ఆ అదృష్టం లేదు. ఆ పందెంలో ఆస్ట్రేలియాకు ఉన్న రెండు బెర్తులు గ్రాంట్ హాకెట్‌కు, క్రెయిగ్ స్టీవెన్స్‌కు దక్కాయి. ఒలింపిక్స్‌లో ఈదడమంటే ఏ క్రీడాకారుడికైనా జీవితకాలపు కల. ఆ కల చేతికందిన స్టీవెన్స్ మీద దేశం చూపంతా పడింది. వదులుకుంటాడా? వదులుకోమని అడగడం న్యాయమేనా? వారాల తరబడి చర్చ నడిచింది. చివరకు ఏప్రిల్‌లో స్టీవెన్స్ ఆ పందెం నుంచి తప్పుకున్నాడు. ఆ ఖాళీ థోర్ప్‌కు దక్కింది.

2004 ఆగస్టు 14. ఏథెన్స్. 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్. థోర్ప్ మళ్లీ బ్లాకు ఎక్కాడు. వంగాడు. ఈసారి బజర్ మోగేదాకా కదల్లేదు. 3 నిమిషాల 43.10 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన హాకెట్‌కూ అతనికీ తేడా 26 వందో వంతులే.

బ్లాకు మీద అతను పోగొట్టుకున్నది ఒక్క క్షణం. దాన్ని తిరిగి ఇచ్చింది మాత్రం మరో మనిషి. ఏ బలాన్ని కొలిచే పరికరానికీ అందని లెక్క అది. నిదానమే ప్రధానమన్న మాటను పెద్దలు ఈత పోటీల కోసం చెప్పి ఉండరు. కానీ అర సెకనులో అన్నీ తేలిపోయే ఆ దిమ్మె మీద ఆ మాట నిజమైనంతగా ఇంకెక్కడా నిజం కాదేమో!